దేవుడు సంతకం చేసిన పట్టా ఏది?

ఊళ్లో ఎవడైనా వచ్చి ఈ చెలక నాది అంటే మనం మొదట అడిగే మాట ఒకటే. కాగితం ఏది? పట్టా చూపించు, ఎవరి సంతకం ఉందో చూద్దాం అంటాం. ఎకరం భూమికే ఇంత విచారణ చేస్తామే, మరి ఒక దేశానికి దేశమే నాది, అందులో మనుషులు నావాళ్లు, వాళ్ల ఆస్తి, వాళ్ల ప్రాణం నా దయ అన్నవాణ్ని ఏమని అడగాలి? యూరపు రాజులు కొన్ని వందల ఏళ్లు ఆ మాటే అన్నారు. పట్టా ఏదంటే పైకి వేలు చూపించారు. దేవుడిచ్చాడు అన్నారు. ఎదురు చెప్పడం రాజద్రోహం ఒక్కటే కాదు, పాపం కూడా అన్నారు. రాజద్రోహానికి ఈ లోకంలో తల తీస్తారు. పాపానికి పై లోకంలో నరకం. రెండు లోకాల్లోనూ పేదవాడికి దారి మూసేశారన్న మాట.

ఈ పట్టాను చించింది ఎవరు? దేవుడు లేడన్నవాళ్లే చించారని చాలామంది అనుకుంటారు. కాదు. మొదట చెయ్యి వేసినవాళ్లు దేవుణ్ని గట్టిగా నమ్మినవాళ్లే. రాజు ఏ పుస్తకం చూపించాడో అదే పుస్తకం చేతపట్టుకుని, నీ పేరు ఇందులో ఎక్కడుందని రాజునే నిలదీశారు. కొందరు జైళ్లకు పోయారు, కొందరు ఉరికంబం ఎక్కారు. చివరికి ఒక రాజు తల కూడా తెగింది. ఆ తర్వాత ఏమైందన్నదే అసలు కథ. అది తెలుసుకోవడం మనకు చాలా అవసరం.

ముందు పట్టా రాసుకున్నవాడి సంగతి చూద్దాం. ఒకటో జేమ్సు 13 నెలల పసివాడిగా ఉండగానే 1567లో స్కాట్లండుకు రాజయ్యాడు. 1603లో ఇంగ్లండు గద్దె కూడా ఎక్కాడు. రాజుల హక్కు గురించి 1598లో తానే ఒక పుస్తకం రాశాడు. రాజు జనానికి తండ్రిలాంటివాడు, ఒంటికి తలకాయలాంటివాడు, ఆయన లెక్క చెప్పాల్సింది దేవుడికే తప్ప జనానికి కాదు. ఇదీ దాని సారం. 1610లో పార్లమెంటులో నిలబడి రాజుల్ని దేవుళ్లనడం న్యాయమేనని వాదించాడు. ఆయన తలకాయ అయితే జనం ఎవరు? కాళ్లూ చేతులూ. తల పైన, కాళ్లు కింద అనే ఈ లెక్క మన చెవికి కొత్తదేం కాదు గదా!

మాటలు చాలవని మహిమలు కూడా చూపించారు. మెడమీద గడ్డలు లేచే గండమాల జబ్బు రాజు చెయ్యి తగిలితే నయమవుతుందని ఇంగ్లండు, ఫ్రాన్సు జనం నమ్మేవాళ్లు. జబ్బు మనుషులు వేలకు వేలు బారులు తీరేవాళ్లు. ఇంగ్లండులో ఈ తంతు 1714లో చనిపోయిన ఆన్ రాణి దాకా నడిచింది. నయమైనవాడు రాజు పేరు చెప్పుకున్నాడు. నయం కానివాడి మాట ఎవరు రాసిపెడతారు?

ఇక పుస్తకం సంగతి. రాజు మనుషులకు బైబిల్లో బాగా ఇష్టమైన చోటు రోమా పత్రిక 13వ అధ్యాయం. పై అధికారులకు లోబడాలని అందులో ఉంది. దేవుడు అభిషేకించిన సౌలు మీద చెయ్యి వేయడానికి దావీదు భయపడ్డ కథ కూడా వాళ్లకు ఇష్టమే. ఎదుటివాళ్లు అదే పుస్తకంలో వేరే పేజీలు తెరిచారు. మన పల్లెల్లో ఆదివారం చర్చికి పోయే అక్కచెల్లెళ్లకు ఈ కథలు నోటికొచ్చు. మాకూ రాజు కావాలని ఇశ్రాయేలు జనం అడిగితే సమూయేలు ప్రవక్త ఏం హెచ్చరించాడు? ఆ రాజు మీ కొడుకుల్ని తన రథాల ముందు పరుగెత్తిస్తాడు, మీ కూతుళ్లను వంటలకు పెట్టుకుంటాడు, మీ మంచి పొలాలు గుంజుకుని తన నౌకర్లకిస్తాడు, మీ పంటలో పదో వంతు పట్టుకుపోతాడు అన్నాడు. నాబోతు ద్రాక్షతోట కథ ఇంకా సూటిగా ఉంటుంది. తాతముత్తాతల భూమి అమ్మనన్న పేదవాడి మీద దొంగ సాక్షులను పెట్టి, రాళ్లతో కొట్టించి చంపి, తోట కలుపుకున్నాడు అహాబు రాజు. ఏలీయా వచ్చి చంపి, స్వాధీనం కూడా చేసుకున్నావా అని అడిగాడు. దేవుడు రాజు పక్షమైతే ఏలీయాను ఎందుకు పంపాడు?

తమాషా ఏమంటే, సమూయేలు హెచ్చరికను జేమ్సు రాజు కూడా వాడుకున్నాడు. రాజు ఇట్లా చేస్తాడని ముందే చెప్పారు, అయినా మీరు అడిగి తెచ్చుకున్నారు, ఇక నోరుమూసుకుని భరించాలి అని అర్థం తీశాడు. ఒకే అధ్యాయం. గద్దె మీద కూర్చుని చదివితే ఒక అర్థం, గద్దె కింద నలుగుతూ చదివితే ఇంకో అర్థం.

అందుకే పుస్తకం అంచుల్లో రాసిన మాటలకు కూడా రాజు భయపడ్డాడు. 1560లో జెనీవాలో అచ్చయిన ఇంగ్లీషు బైబిలుకు పక్కన వివరణలు ఉండేవి. మగపిల్లలు పుడితే చంపమని ఫరో చెప్పినా మంత్రసానులు షిఫ్రా, పూయా చంపలేదు. రాజాజ్ఞ మీరడం ఇక్కడ న్యాయమేనని ఆ వివరణ చెప్పింది. 1604లో జరిగిన చర్చి సమావేశంలో జేమ్సు ఈ వివరణల మీద విరుచుకుపడ్డాడు. ఆయన చేయించిన కొత్త అనువాదం 1611లో వచ్చింది. అందులో ఇలాంటి వ్యాఖ్యానాలు తీసేశారు. చూడండి, ఇద్దరు మంత్రసానుల కథకు పక్కన ఒక్క వాక్యం ఉంటే ఒక రాజ్యం వణికింది!

జేమ్సుకు చాలా ముందే ఈ ప్రశ్న పొలాల్లోంచి లేచింది. 1381లో ఇంగ్లండు రాజు రెండో రిచర్డు వయసు 14 ఏళ్లు. ఆయన పేరుతో సర్కారు, 15 ఏళ్లు దాటిన ప్రతి తలకూ పన్ను వేసింది. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే లెక్క. రైతులు తిరగబడి లండను మీదికి నడిచారు. వాళ్లతో జాన్ బాల్ అనే పేద పాదిరి ఉన్నాడు. ఆదాము అవ్వలు తమ రెక్కల కష్టం మీద బతికారు, అప్పుడు వాళ్ల మీద దొర ఎవడు, పుట్టుకతో అందరూ సమానమే అని బోధించాడు. భయపడ్డ రాజు వెట్టి రైతులకు విడుదల ఇస్తున్నానని కాగితాలు రాయించాడు. తిరుగుబాటు అణగగానే ఆ కాగితాలు రద్దయ్యాయి. జాన్ బాల్‌ను జూలై 15న ఉరితీసి, ఒళ్లు నాలుగు ముక్కలు చేశారు. ఆ బోధ మాత్రం చావలేదు.

స్కాట్లండులో చదువుకున్న పాదిర్లు వాదన మొదలుపెట్టారు. జేమ్సుకు చిన్నప్పుడు చదువు చెప్పిన జార్జి బుకానన్ 1579లో ఒక పుస్తకం అచ్చువేశాడు. అధికారం జనం నుంచి వచ్చింది, రాజు చట్టానికి లోబడాలి, దుర్మార్గుడైతే ఎదిరించవచ్చు అని రాశాడు. అయిదేళ్లకే స్కాట్లండు పార్లమెంటు దాన్ని తప్పుడు పుస్తకమని ముద్రవేసింది. 1596లో ఆండ్రూ మెల్విల్ అనే పాదిరి రాజు ముందే నిలబడి, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని, నువ్వు దేవుడి ముందు అల్పుడివైన సేవకుడివి, క్రీస్తు రాజ్యంలో నువ్వు రాజువీ కాదు, పెద్దవీ కాదు, మాలాగే ఒక సభ్యుడివి అని చెప్పాడు. ఆ రోజుల్లో రాజు చెయ్యి పట్టుకుని మాట్లాడటం ఎంత సాహసమో ఆలోచించండి. తర్వాత జేమ్సు ఆయన్ను లండను టవర్ జైల్లో పెట్టించాడు. మెల్విల్ మళ్లీ స్వదేశం చూడలేదు. 1622లో ఫ్రాన్సు వైపు పరాయి నేల మీద చనిపోయాడు.

ఇదంతా ప్రొటెస్టెంటు మతం గొప్పతనమేనా? కాదు. కేథలిక్కుల్లోనూ ఈ మాట అన్నవాళ్లున్నారు. స్పెయిన్ దేశపు జెసూట్ పండితుడు సువారెజ్ 1613లో జేమ్సుకు జవాబు రాశాడు. అధికారం దేవుడి నుంచి వచ్చిందనుకున్నా, అది నేరుగా రాజు చేతికి రాలేదు, మొత్తం జనసమూహానికి వచ్చింది, వాళ్ల చేతి నుంచే రాజుకు అందింది అన్నాడు. ఆ పుస్తకాన్ని లండనులో తగలబెట్టారు. పారిస్‌లో కూడా తగలబెట్టారు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. 1572లో ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లను వేలాదిగా నరికి చంపారు. అప్పుడు వాళ్ల పండితులు దుర్మార్గపు రాజును ఎదిరించడం ధర్మమని పుస్తకాలు రాశారు. రాజుకు విధేయులుగా ఉండాలని కేథలిక్కులు అన్నారు. 1584లో పరిస్థితి తిరగబడింది. గద్దెకు వారసుడు ప్రొటెస్టెంటు హెన్రీ అని తేలింది. అంతే! ప్రొటెస్టెంట్లు రాజు హక్కు పవిత్రమన్నారు. కేథలిక్ లీగువాళ్లు ఎదిరించే హక్కు ఎత్తుకున్నారు. సూత్రం మారలేదు, చేతులు మారాయి. మనవాడు గద్దె మీద లేనప్పుడు ప్రశ్నించడం ఎవరికైనా వస్తుంది. మనవాడు గద్దె ఎక్కాక కూడా ప్రశ్నించగలమా?

మళ్లీ ఇంగ్లండుకు వద్దాం. జేమ్సు కొడుకు ఒకటో చార్లెస్ 1625లో రాజయ్యాడు. పార్లమెంటు ఒప్పుకోకపోయినా అప్పు పేరుతో జనం దగ్గర బలవంతంగా డబ్బు గుంజాడు. ఇవ్వనివాళ్లను జైల్లో వేశాడు. అప్పుడు మేన్వేరింగ్ అనే పాదిరి, రాజు అడిగిన డబ్బు ఇవ్వకపోవడం పాపం, నరకానికి దారి అని ప్రసంగించాడు. వసూలు రాజుది, భయపెట్టే పని పాదిరిది. పార్లమెంటు 1628లో ఆయన్ను శిక్షించింది. రాజు క్షమించాడు. కొన్నేళ్లకు బిషప్పును కూడా చేశాడు. చేసిన సేవకు ఇనాం ఉండాలి గదా!

1629 నుంచి 1640 దాకా 11 ఏళ్లు చార్లెస్ పార్లమెంటు లేకుండానే ఏలాడు. 1637 జూలైలో స్కాట్లండు మీద తన ప్రార్థన పుస్తకం రుద్దబోయాడు. ఎడింబరో చర్చిలో ఆ పుస్తకం చదవడం మొదలుపెట్టగానే జనం లేచారు. బజార్లో సరుకులమ్ముకునే జెన్నీ గెడ్డిస్ అనే ఆడమనిషి తను కూర్చున్న పీట తీసి పాదిరి మీదికి విసిరిందని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడు స్కాట్లండులో ఊరూరా జనం ఒప్పంద పత్రం మీద సంతకాలు పెట్టారు. 1642లో ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. 1644లో శామ్యూల్ రూథర్‌ఫర్డ్ అనే స్కాట్లండు పాదిరి, చట్టమే రాజు అని నిరూపించే పెద్ద పుస్తకం తెచ్చాడు. పుట్టుకతో ఎవడూ రాజు కాడు, జనం షరతు మీద అధికారం ఇచ్చారు, షరతు తప్పితే తిరిగి తీసుకుంటారు అన్నాడు.

యుద్ధంలో ఓడాక కూడా చార్లెస్ తన పట్టా వదల్లేదు. మళ్లీ యుద్ధం రాజేశాడు. అప్పుడు సైన్యంలోని భక్తులు బైబిల్లోని సంఖ్యాకాండం 35వ అధ్యాయం తీశారు. చిందిన రక్తం దేశాన్ని మైలపరుస్తుంది, చిందించినవాడి రక్తంతో తప్ప ఆ మైల పోదు అని అందులో ఉంది. రాజుకు రక్తం చిందించిన మనిషి అని పేరు పెట్టారు. 1649 జనవరిలో విచారణ జరిగింది. నాకు అధికారం దేవుడిచ్చాడు, మీరెవరు నన్నడగటానికి అన్నాడు చార్లెస్. జనవరి 30న తన రాజభవనం ముందే ఆయన తల తెగింది. ఆకాశం విరిగి పడలేదు. మర్నాడు కూడా పొద్దు పొడిచింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ అసలు ప్రశ్న ఇక్కడే మొదలైంది. దేవుడు రాజుకు పట్టా ఇవ్వలేదు, సరే. మరి భూస్వామికి ఇచ్చాడా?

రాజు తల తెగడానికి ఏడాది పైచిలుకు ముందే, 1647 అక్టోబరు చివర్లో, లండను పక్కన పట్నీ అనే ఊరి చర్చిలో సైనికులు, దొరలు కూర్చుని దీన్ని వాదించుకున్నారు. కర్నల్ రెయిన్స్‌బరో, అందరికంటే పేదవాడికి కూడా గొప్పవాడిలాగే బతుకు ఉంది, తన ఒప్పుదల లేని సర్కారుకు వాడు కట్టుబడి ఉండక్కర్లేదు అన్నాడు. క్రామ్‌వెల్ అల్లుడు ఐర్టన్ ఒప్పుకోలేదు. దేశంలో స్థిరమైన ఆస్తి ఉన్నవాడికే ఓటు అన్నాడు. ఆస్తి లేనివాడికి ఓటిస్తే రేపు ఆస్తి కూడా అడుగుతాడని భయపడ్డాడు. రాజు మీద కలిసి కత్తి పట్టినవాళ్లే భూమి దగ్గరికొచ్చేసరికి రెండుగా చీలిపోయారు. 1649 మే నెలలో సమానత్వం అడిగిన సైనికుల్ని క్రామ్‌వెల్ బర్‌ఫర్డ్ చర్చిలో బంధించి, ముగ్గుర్ని ఆ చర్చి ఆవరణలోనే కాల్పించాడు. అప్పటికి రాజు చచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు.

అదే ఏడు ఏప్రిల్లో జెరార్డ్ విన్‌స్టాన్లీ, ఆయన వెంట కొందరు పేదలు, సర్రే జిల్లాలో సెయింట్ జార్జి గుట్ట మీద బంజరు దున్ని క్యారెట్లు, చిక్కుళ్లు వేశారు. దేవుడు భూమిని అందరికీ ఉమ్మడి బొక్కసంగా సృష్టించాడు, కొందరు మాత్రమే కంచె వేసుకోవడమే అసలు పాపం అన్నారు. కత్తి పట్టలేదు. పార పట్టారు. చుట్టుపక్కల భూస్వాములు మనుషుల్ని పంపి కొట్టించారు, పైర్లు తొక్కించారు, కోర్టుకు ఈడ్చారు. వాళ్లు పక్కనున్న కాబమ్ బంజరుకు మారారు. 1650లో గుడిసెలు తగలబెట్టించి అక్కణ్నించీ తరిమేశారు. తరిమించినవాళ్లలో ముందున్నవాడు జాన్ ప్లాట్. ఆయన పాదిరీ, భూస్వామీ, రెండూ తనే. రాజు లేని రాజ్యంలో జరిగిన పని ఇది.

ఐర్లండు గతి ఇంకా ఘోరం. 1649లోనే క్రామ్‌వెల్ సైన్యంతో అక్కడికి పోయి ద్రొగెడా పట్టణంలో ఊచకోత కోయించాడు. అది దేవుడి తీర్పేనని రాశాడు. తర్వాత ఐర్లండు కేథలిక్కుల భూములు లాక్కుని సైనికులకు, అప్పులిచ్చినవాళ్లకు పంచారు. రాజు పట్టా చించినవాడే తన పేరుతో కొత్త పట్టా రాసుకున్నాడు. సంతకం మళ్లీ దేవుడిదే!

1660లో రాజరికం తిరిగొచ్చింది. రూథర్‌ఫర్డ్ పుస్తకం తగలబెట్టారు. చావుబతుకుల్లో ఉన్న ఆయనకు సమన్లు పంపారు. ఇంతకంటే పై కోర్టు నుంచి నాకు ముందే పిలుపొచ్చిందని జవాబిచ్చాడని చెప్పుకుంటారు. 1661లో చనిపోయాడు. తల తెగిన చార్లెస్‌ను ఇంగ్లండు చర్చి అమరుణ్ని చేసింది. ఏటా జనవరి 30న ఆయన పేరిట ప్రార్థనలు 1859 దాకా అధికారికంగా నడిచాయి. 1680లో ఫిల్మర్ అనే దొర పాత పుస్తకం అచ్చయింది. ఆదాము తొలి తండ్రి, తొలి రాజు, రాజులంతా ఆయన అధికారానికి వారసులు అని దాని వాదం. జాన్ లాక్ దీనికి బైబిలు మాటలతోనే జవాబిచ్చాడు. ఆదాముకు అలాంటి హక్కు ఎక్కడిచ్చారు? ఇచ్చినా ఇప్పుడు ఆయన పెద్ద వారసుడు ఎవరో ఎట్లా తేలుస్తారు? మనం వారసత్వ సర్టిఫికెట్ ఏదని అడిగినట్టే అడిగాడు. జవాబు రాలేదు. 1689లో పార్లమెంటు అనుమతి లేకుండా రాజు పన్ను వేయకూడదని చట్టమైంది. మంచిదే. కానీ ఆ పార్లమెంటు ఎవరిది? ఆస్తిపరులది. జాన్ బాల్ అడిగిన ప్రశ్న గుమ్మం బయటే నిలబడి ఉంది.

ఇంగ్లండు నాణెం మీద దేవుడి దయవల్ల రాజు అన్న మాటకు పొట్టి అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. 2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకంలో తెర చాటున నూనెతో అభిషేకం కూడా చేశారు. పట్టా చిరిగినా ముక్కలు మిగిలాయి. అయితే ఆ ముక్కలతో ఇవాళ ఒక్క పైసా పన్ను కూడా వేయలేడు. అంతమాత్రం జరగడానికి ఎంతమంది ప్రాణాలు పోయాయో మర్చిపోకూడదు.

ఈ కథలో మనం పట్టుకోవాల్సినవి మూడున్నాయి. ఒకటి, పుస్తకాన్ని గద్దె మీదివాడికి వదిలేయొద్దు. చదువు మన చేతికి వచ్చినప్పుడే నాబోతు మనకు కనపడతాడు. రెండు, దేవుడి పేరు చెప్పి ఎదిరించినవాడు రేపు అదే పేరుతో ఏలవచ్చు. మన మనిషైనా సరే, లెక్క అడగాల్సిందే. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ సంగతే హెచ్చరించాడు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరకు నియంతృత్వానికీ దారి అన్నాడు. మూడు, గద్దె మీద మనిషి మారినంత మాత్రాన గట్టు మీద మనిషి మారడు. రాజు తల తీసిన దేశంలో క్యారెట్లు నాటుకున్న పేదల గుడిసెలు కాలాయి.

చదువొచ్చినవాళ్లు ఇది చదువురానివాళ్లకు వినిపించండి. పదిమంది కూర్చున్నచోట చర్చ పెట్టండి. నీ పట్టా చూపించు అని రాజునడగటానికి జనానికి ఎన్నో తరాలు పట్టింది. అడగడం నేర్చుకున్నాక రాజు దగ్గరే ఎందుకు ఆగాలి?